సేఫ్టీ ఆఫీసర్ ఎవరికి రిపోర్ట్ చేస్తాడు అన్నది చిన్న ప్రశ్న కాదు

ఏ కంపెనీకైనా వెళ్ళి మీ దగ్గర సేఫ్టీ ఎవరు చూస్కుంటారండీ అని అడగండి, టక్కున ఒక పేరు చెప్తారు. ఫలానా సేఫ్టీ ఆఫీసర్ గారు, అదిగో ఆ చివర రూములో కూర్చుంటారు అని. ఆ జవాబు ఎంత త్వరగా వస్తే నాకు అంత అనుమానం. ఎందుకంటే మెషీన్ నడిపేది ఆయన కాదు, షిఫ్టులో ఎంతమంది ఉండాలో తేల్చేది ఆయన కాదు, లీకవుతున్న వాల్వు ఇవాళే మార్చాలా షట్‌డౌన్ దాకా లాగించాలా అన్నది ఆయన చేతుల్లో లేదు, సరుకు శుక్రవారానికల్లా పంపిస్తామని కస్టమర్‌కి మాటిచ్చింది కూడా ఆయన కాదు. ప్రమాదాన్ని పుట్టించే నిర్ణయాలన్నీ వేరేవాళ్ళు తీసుకుంటూ ఉంటే ఈయన "చూస్కోవడం" ఏంటి మరి? హెల్మెట్ పెట్టుకున్నారా లేదా చూస్తాడు, రిజిస్టర్ నింపుతాడు, ఏదన్నా జరిగితే అందరికంటే ముందు సంజాయిషీ ఇచ్చుకుంటాడు.

ఆర్గనైజేషన్ స్ట్రక్చర్ అనగానే ప్రెజెంటేషన్లలో కనిపించే బాక్సులూ గీతలూ గుర్తొచ్చి సగం మందికి ఆవలింతలు వస్తాయి. కానీ సేఫ్టీ వరకు చూస్తే ఇది చాలా మోటు విషయం. పని ఆపమని ఎవరు చెప్పగలరు, డబ్బు ఎవరి సంతకంతో కదుల్తుంది, కింద ఒకడు గమనించిన తేడా పైవాడి చెవిన పడేలోపు మధ్యలో ఏ కుర్చీ దగ్గర ఆగిపోతుంది, అంతే. పాలసీలు, ట్రైనింగులు, పోస్టర్లు అన్నీ దీని మీద నిలబడి పనిచేస్తాయి గానీ దీనికి బదులుగా మాత్రం పనిచెయ్యవు.

ఒక ఉదాహరణ కాస్త దగ్గరగా చూద్దాం. 1987 మార్చి 6న హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ బెల్జియంలోని జీబ్రుగ్గ రేవు నుంచి బయల్దేరిన కాసేపటికే పక్కకి ఒరిగిపోయింది, 193 మంది చనిపోయారు. కార్లు ఎక్కించడానికి ఓడ ముందు భాగంలో ఉండే తలుపులు మూయకుండానే బయల్దేరింది, సముద్రం నేరుగా కార్ డెక్కు మీదకి వచ్చేసింది. తలుపులు మూయాల్సిన అసిస్టెంట్ బోసన్ (బోసన్ అంటే డెక్కు మీద పనివాళ్ళ మేస్త్రీ) తన క్యాబిన్లో నిద్రపోతున్నాడు. కథ ఇక్కడితో ఆపేస్తే ఒకడి నిర్లక్ష్యం అని రాసేసి ఫైలు కట్టేయొచ్చు, చాలా ఎంక్వైరీలు అక్కడే ఆగుతాయి కూడా.

కానీ ఈ ఎంక్వైరీ ఆగలేదు. డెక్కు మీంచి చివర్లో వెళ్ళిన బోసన్, తలుపులు మూయడం గానీ మూసేవాడు వచ్చాడో లేదో చూడడం గానీ నా డ్యూటీ కాదనుకుని వెళ్ళిపోయాడు. తలుపులు మూశారని చూసుకోవాల్సింది చీఫ్ ఆఫీసర్, కానీ అదే చీఫ్ ఆఫీసర్ ఓడ బయల్దేరడానికి సుమారు 15 నిమిషాల ముందే పైన బ్రిడ్జ్ మీద, అంటే ఓడని నడిపే గదిలో ఉండాలని కంపెనీ రూలు, అంటే ఒకే మనిషి ఒకే టైంలో రెండు చోట్ల ఉండాలి, కాగితం మీద రెండూ రూల్సే. పైన కెప్టెన్‌కి తలుపులు కనిపించవు, ఎవరూ ఏమీ చెప్పలేదంటే అంతా బాగానే ఉన్నట్టు అన్నది అక్కడి పద్ధతి. సరే, కనీసం తలుపు మూశారో లేదో చూపించే చిన్న లైటు బ్రిడ్జ్ మీద పెట్టండయ్యా అని ఆ కంపెనీ కెప్టెన్లు అంతకుముందే అడిగారు, ఒడ్డున ఆఫీసులో ఉన్నవాళ్ళు దాన్ని వెటకారంగా కొట్టిపారేశారు. పైనుంచి కింద దాకా కంపెనీకి అలసత్వం జబ్బులా పట్టుకుందని ఎంక్వైరీ చేసిన జస్టిస్ షీన్ రిపోర్టు తేల్చింది, ఓడల సేఫ్టీ విషయంలో తమ బాధ్యత ఏంటో డైరెక్టర్లకే స్పష్టత లేదని కూడా.

ఇందులో నిద్రపోయిన మనిషి ఒక్కడే, మిగతాదంతా స్ట్రక్చరే. ఇంకో సంగతి, ఆ తర్వాత కంపెనీ మీద పెట్టిన క్రిమినల్ కేసు 1990లో కూలిపోయింది, ఎందుకంటే అప్పటి చట్టం ప్రకారం కంపెనీని శిక్షించాలంటే పైస్థాయిలో ఒక ఫలానా మనిషిని వేలెత్తి చూపించగలగాలి, బాధ్యత అందరి మధ్యా చిందరవందరగా ఉండేసరికి ఎవరినీ చూపించలేకపోయారు. అంటే స్ట్రక్చర్ ఎంత గందరగోళంగా ఉంటే కంపెనీకి అంత రక్షణ అనమాట! బ్రిటన్‌లో 2007లో తెచ్చిన కార్పొరేట్ మాన్‌స్లాటర్ చట్టం ఈ లొసుగునే పట్టుకుంది, సీనియర్ మేనేజ్‌మెంట్ పనిని ఎలా ఆర్గనైజ్ చేసింది అన్నదే ఇప్పుడు అక్కడ నేరానికి కొలత.

అందుకే "సేఫ్టీ అందరి బాధ్యత" అనే స్లోగన్ అంటే నాకు చిరాకు. పదిమందిలో పాము చావదు. బాధ్యత అందరిదీ కావొచ్చు, కానీ ఎవరిది ఎంత, దేనికి, ఏ అధికారంతో అన్నది పేరు పెట్టి రాయకపోతే అది ఎవరిదీ కాదు. ఇక్కడ మామూలుగా వాడే లెక్క ఏంటంటే లైన్, స్టాఫ్ అని రెండు రకాలు. లైన్ అంటే సూపర్‌వైజర్, షిఫ్ట్ ఇన్‌చార్జ్, ప్లాంట్ మేనేజర్, పైన సీఈఓ, పని చేయించేవాళ్ళు. స్టాఫ్ అంటే సేఫ్టీ డిపార్ట్‌మెంట్, సలహా ఇచ్చి, చెక్ చేసి, నేర్పించేవాళ్ళు. సేఫ్టీకి ఓనర్ లైనే అవ్వాలి. పని ఎవడు చేయిస్తున్నాడో ఆ పనిలోని ప్రమాదం కూడా వాడిదే. 1972లో బ్రిటన్‌లో లార్డ్ రోబెన్స్ కమిటీ చెప్పింది కూడా దాదాపు ఇదే, ప్రమాదాన్ని సృష్టించేవాళ్ళూ దానితో కలిసి పనిచేసేవాళ్ళూ దాని బాధ్యత తీసుకోవాలని, ఆ దేశపు 1974 చట్టం దాని మీదే కట్టారు. సేఫ్టీ డిపార్ట్‌మెంట్ బలంగా ఉన్న కొన్ని చోట్ల ఒక తమాషా జరుగుతుంది, సూపర్‌వైజర్లు మెల్లగా చేతులు దులుపుకుంటారు, గార్డ్ లేని మెషీన్ కనిపిస్తే "సేఫ్టీ వాళ్ళు చూడలేదా" అంటారు, అది తన మెషీన్ అయినా సరే.

పనిచోట సేఫ్టీ, ఆరోగ్యం ఎలా నడపాలో చెప్పే అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎస్ఓ 45001, 2018లో వచ్చింది, ఈ విషయంలో మంచి పని చేసింది. అంతకుముందున్న ఓహెచ్ఎస్ఏఎస్ 18001లో మేనేజ్‌మెంట్ తరఫున ఒక ప్రతినిధిని పెట్టాలి అని ఉండేది, జనం ఏం చేశారంటే ఒకాయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి సిస్టమ్ మొత్తం ఆయన నెత్తిన పెట్టేశారు. కొత్తదాంట్లో ఆ పోస్టు తప్పనిసరి కాదు. పనులు పంచొచ్చు, బాధ్యతలు అప్పజెప్పొచ్చు, కానీ చివరికి జవాబు చెప్పాల్సింది మాత్రం టాప్ మేనేజ్‌మెంటే అని తేల్చేసింది. ఎవరి రోల్ ఏంటి, ఎవరి అధికారం ఎంత అన్నది సంస్థలో అన్ని స్థాయిల్లో రాసి చెప్పాలి, మేనేజర్లు కాని వర్కర్లని కూడా సంప్రదించాలి. కాగితం మీద ఇంతకన్నా బాగా ఎవరు రాస్తారు, అమలు సంగతే వేరు.

ఇప్పుడు టైటిల్లో ప్రశ్నకి వద్దాం. సేఫ్టీ హెడ్ ప్రొడక్షన్ మేనేజర్ కింద ఉంటే ఏమవుతుంది? ఆయన అప్రైజల్ రాసేది ఎవరి పని ఆపాలో వాళ్ళే, ఇంక్రిమెంట్ వాళ్ళ చేతుల్లోనే. మనిషి ఎంత నిజాయితీపరుడైనా ఏడాదికి రెండుసార్లు గట్టిగా మాట్లాడతాడు, మూడోసారికి మాట మెత్తబడుతుంది. నాసా లాంటి చోటే ఇది జరిగింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ తిరిగొస్తూ ముక్కలై ఏడుగురు వ్యోమగాములు చనిపోయాక దర్యాప్తు బోర్డు, ఇంధన ట్యాంకు నుంచి ఊడి రెక్కకి తగిలిన ఫోమ్ ముక్కతో పాటు సంస్థ అల్లికని కూడా కారణాల్లో పెట్టింది. సేఫ్టీ వాళ్ళు ఏ ప్రోగ్రాంని ప్రశ్నించాలో ఆ ప్రోగ్రాం డబ్బు మీదే ఆధారపడి ఉన్నారు. రెక్కకి దెబ్బ తగిలిందేమో ఫోటోలు తీయించండి అని కక్ష్యలో షటిల్ ఉండగానే ఇంజనీర్లు అడిగారు, అది సరైన దారిలో రాలేదు, మిషన్ మేనేజ్‌మెంట్‌లో ఇది కావాలన్నవాళ్ళు ఎవరూ లేరు అని ఆ రిక్వెస్ట్ ఆగిపోయింది. షటిల్ షెడ్యూల్‌తో, ఖర్చుతో సంబంధం లేకుండా టెక్నికల్ రూల్స్ మీద అధికారం ఉండే ఒక స్వతంత్ర వ్యవస్థ పెట్టాలని బోర్డు సిఫార్సు చేసింది. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే అక్కడ సేఫ్టీ డిపార్ట్‌మెంట్ లేకపోలేదు, ఉంది, దాని తాళాలు వేరేవాళ్ళ దగ్గర ఉన్నాయి.

అలాగని సేఫ్టీని తీసుకెళ్ళి నేరుగా సీఈఓ కింద పెట్టేస్తే అంతా సర్దుకుంటుందా అంటే, అదీ కాదు. పైన ఎక్కడో కార్పొరేట్ ఆఫీసులో కూర్చుని సర్క్యులర్లు పంపే సేఫ్టీ వల్ల కింద ఏమీ కదలదు. నేను చూసినంతలో కాస్త పనిచేసేది మధ్యరకం, సేఫ్టీ మనిషి రోజూ ప్లాంట్ మేనేజర్‌తో కలిసి పనిచేస్తాడు, కానీ ఆయన అప్రైజల్‌లో కార్పొరేట్ సేఫ్టీ హెడ్‌కి కూడా మాట ఉంటుంది, మరీ అవసరమైతే ప్లాంట్ మేనేజర్‌ని దాటి పైకి వెళ్ళే హక్కు రాతపూర్వకంగా ఉంటుంది. చార్టుల్లో దీన్ని చుక్కల గీతతో చూపిస్తారు. ఆ చుక్కల గీత నిజమా అలంకారమా తెలియాలంటే దాన్ని చివరిసారి ఎవరు ఎప్పుడు వాడారు, వాడినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు అని కనుక్కోండి చాలు.

ఇంకో కోణం చాలామంది పట్టించుకోరు. ప్రమాదాన్ని తగ్గించే మార్గాలకి ఒక వరస ఉంది, అందరికీ ట్రైనింగ్‌లో చెప్తారు: ముందు ఆ ప్రమాదాన్నే లేకుండా చెయ్యి, కుదరకపోతే తక్కువ ప్రమాదకరమైనది వాడు, అదీ కాకపోతే గార్డులు వెంటిలేషన్ లాంటి ఇంజనీరింగ్ ఏర్పాట్లు, తర్వాత రూల్సు పర్మిట్లు, ఆఖర్న గ్లవ్స్ హెల్మెట్ మాస్కు. ఇప్పుడు ఈ వరసని ఆర్గనైజేషన్ చార్ట్ పక్కన పెట్టి చూడండి. పైన ఉన్న మార్గాలన్నీ డిజైన్, పర్చేజ్, ఫైనాన్స్ వాళ్ళ చేతుల్లో ఉంటాయి, కింద ఉన్నవి సేఫ్టీ ఆఫీసర్ చేతుల్లో ఉంటాయి. చెవులు పగిలే కంప్రెసర్‌ని తక్కువ రేటుకి వచ్చిందని పర్చేజ్ వాళ్ళు కొంటారు, ఇయర్‌ప్లగ్స్ పంచే పని సేఫ్టీ వాళ్ళకి వస్తుంది. అందుకే ప్రతిచోటా సేఫ్టీ అంటే పీపీఈ, అంటే ఒంటి మీద వేసుకునే ఆ గ్లవ్స్ హెల్మెట్లే అయిపోయింది, సేఫ్టీ ఆఫీసర్లకి వేరే తెలియక కాదు, వాళ్ళ బాక్సులో అంతకుమించి అధికారం లేదు గనక. మార్చాలంటే ఒక చిన్న మెలిక చాలు, కొత్త మెషీన్ గానీ కెమికల్ గానీ కొనే ఫైలు మీద సేఫ్టీ సంతకం లేకుండా ఆర్డర్ వెళ్ళకూడదు, ఆ సంతకం అడగాల్సింది కూడా స్పెసిఫికేషన్ రాసేటప్పుడే, బండి గేటు దగ్గరకి వచ్చాక అడిగితే ఎవడు వెనక్కి పంపుతాడు?

ఆపే అధికారం గురించి మాట్లాడాలంటే పైపర్ ఆల్ఫా దాటి వెళ్ళలేం. 1988 జూలై 6, ఉత్తర సముద్రంలో చమురు ప్లాట్‌ఫాం, 167 మంది పోయారు. పగటి షిఫ్టులో ఒక పంపుకి ఉన్న సేఫ్టీ వాల్వు సర్వీసింగ్‌కి తీసి, ఆ చోట ఒక ప్లేటు బిగించి ఉంచారు, సాయంత్రానికి పని అవ్వలేదు. పంపు మీద చెయ్యాల్సిన మెయింటెనెన్స్‌కి ఒక పర్మిట్, వాల్వుకి ఇంకో పర్మిట్, రెండూ ఒకచోట లేవు. షిఫ్టు మారేటప్పుడు వాల్వు సంగతి రాత్రి వాళ్ళ దాకా రాలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోయి మళ్ళీ స్టార్ట్ అవ్వకపోయేసరికి, ఈ పంపు మీద పని ఇంకా మొదలవ్వలేదు కదా అనుకుని దీన్ని ఆన్ చేశారు. ఆ ప్లేటు దగ్గర్నుంచి గ్యాస్ లీకై పేలింది. ఇక్కడిదాకా షిఫ్ట్ హ్యాండోవర్ కథ, ఇది కూడా స్ట్రక్చరే, ఎందుకంటే షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య, మెయింటెనెన్స్‌కీ ఆపరేషన్స్‌కీ మధ్య అతుకు ఎవరిది అన్నది చార్టులో ఏ బాక్సులోనూ ఉండదు, ఆ అతుకుల్లోంచే గ్యాస్ బయటికొస్తుంది.

తర్వాతది నన్ను ఎక్కువ కలవరపెట్టేది. పైపర్ మండుతుంటే దానికి పైపులతో కలిసి ఉన్న టార్టన్, క్లేమోర్ ప్లాట్‌ఫాంలు వెంటనే చమురు ఆపలేదు. మంటలు దూరానికి కనిపిస్తున్నాయి, అయినా ఆపితే ప్రొడక్షన్ పోతుంది, ఒడ్డున ఉన్న పైవాళ్ళతో మాట్లాడాలి. ఆపే అధికారం రూల్ ప్రకారం అక్కడి మేనేజర్లకి ఉంది, ఆ అధికారాన్ని ఎవర్నీ అడక్కుండా వాడినా ఏమీ కాదు అన్న ధీమా లేదు. స్టాప్ వర్క్ అథారిటీ అని ఇప్పుడు ప్రతి కంపెనీ కార్డు ముద్రించి మెడలో వేస్తుంది, మంచిదే, కానీ ఆపినవాడిని మర్నాడు మేనేజర్ ఎలా పలకరించాడు అన్నదాన్ని బట్టే ఆ కార్డు విలువ ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్ఓ 1981 నాటి 155వ కన్వెన్షన్ ఈ విషయం ముందే పట్టుకుంది, ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణం తీవ్రమైన ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి పని వదిలి వచ్చేసిన వర్కర్ మీద చర్యలు తీసుకోకూడదు అని. 2022లో సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని ఐఎల్ఓ ప్రాథమిక హక్కుల్లోకి చేర్చింది కూడా.

ఈ స్ట్రక్చర్ గొడవ కంపెనీ గేటు దగ్గర ఆగదు. పైపర్ ఆల్ఫా మీద లార్డ్ కల్లెన్ 1990లో ఇచ్చిన రిపోర్టులో 106 సిఫార్సులుంటే, అందులో ఒకటి సముద్రంలో చమురు తవ్వకాల సేఫ్టీని ఇంధన శాఖ నుంచి తీసేసి బ్రిటన్‌లో పనిచోట సేఫ్టీ చూసే ప్రభుత్వ సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్‌కి ఇవ్వమని. చమురు ఎక్కువ తియ్యాలని చూసే శాఖే సేఫ్టీ కూడా చూస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. అమెరికా ఈ పాఠం 2010లో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు పేలుడులో 11 మంది పోయాక నేర్చుకుంది, చమురు కంపెనీల దగ్గర రాబడి వసూలు చేసే, లీజులిచ్చే, సేఫ్టీ చూసే పనులన్నీ ఒకే ఏజెన్సీ చేస్తుంటే దాన్ని ముక్కలు చేశారు.

చెడ్డ వార్త పైకి ఎలా వెళ్తుంది అన్నది ఇంకో పెద్ద కథ. పాల్ ఓనీల్ 1987లో ఆల్కోవా అల్యూమినియం కంపెనీకి సీఈఓ అయ్యాక పెట్టిన పద్ధతి ఏంటంటే ఎవరికైనా గాయమైతే 24 గంటల్లో ఆ యూనిట్ హెడ్ నేరుగా ఆయనకి చెప్పాలి, మళ్ళీ జరక్కుండా ఏం చేస్తున్నారో కూడా. చూడ్డానికి చిన్న రూలు. కానీ యూనిట్ హెడ్‌కి 24 గంటల్లో తెలియాలంటే ఫ్లోర్ మీంచి ఆయన దాకా మధ్యలో ఎవరూ తొక్కిపెట్టకూడదు, అంటే ఆ ఒక్క రూలు వల్ల మధ్య మెట్లన్నీ కదిలాయి. దీనికి తిరగేసింది ఏంటంటే జీరో యాక్సిడెంట్ బోనస్. నెలలో ఒక్క గాయం కూడా లేకపోతే టీం మొత్తానికి బహుమతి అని పెట్టారనుకోండి, వేలు నలిగినవాడు జేబులో చెయ్యి పెట్టుకుని తిరుగుతాడు, పక్కవాళ్ళే చెప్పనివ్వరు.

అమెరికాలో బీపీ చమురు కంపెనీకి చెందిన టెక్సస్ సిటీ రిఫైనరీలో 2005 మార్చి 23న పేలుడు జరిగి 15 మంది చనిపోయి 180 మంది గాయపడ్డప్పుడు, ఆ సైటులో చిన్న గాయాల లెక్కలు మెరుగుపడుతున్నట్టే కనిపించాయి. కాలు జారడం, వేలు తెగడం లాంటివి తగ్గుతున్నాయి కాబట్టి అంతా బాగుందనుకున్నారు, టవర్లలో ట్యాంకుల్లో పెరుగుతున్న ప్రమాదాన్ని ఆ అంకె చూపించదు. 1999లో ఫిక్స్‌డ్ ఖర్చులు 25 శాతం తగ్గించమని ఆదేశం వచ్చింది, కంట్రోల్ రూములో ఒకే ఆపరేటర్ మూడు యూనిట్లు చూసే స్థితి వచ్చింది, కొందరు ఆపరేటర్లు 12 గంటల షిఫ్టులు వరసగా 29 రోజులో అంతకుమించో చేసి ఉన్నారు. ఆగి ఉన్న యూనిట్‌ని మళ్ళీ స్టార్ట్ చేస్తుండగా అనుభవమున్న సూపర్‌వైజర్ ఇంటి అవసరం కోసం వెళ్ళిపోతే ఆ స్థానంలో ఇంకొకరిని పెట్టలేదు. చనిపోయిన 15 మందీ కాంట్రాక్టర్ల మనుషులు, యూనిట్ పక్కన పెట్టిన ట్రైలర్లలోనూ వాటి చుట్టుపక్కలా ఉన్నవాళ్ళు, ఆ యూనిట్ స్టార్ట్ అవుతోందన్న సంగతే వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. కాంట్రాక్టర్, వాడి కింద సబ్‌కాంట్రాక్టర్, వాడి కింద లేబర్ సప్లయర్, ఇలా ఒక్కో మెట్టు దిగే కొద్దీ సమాచారం పలచబడుతుంది, ప్రమాదం మాత్రం చిక్కబడుతుంది. కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ కూడా రోజూ పొద్దున్న మీటింగులో కూర్చోకపోతే మీ చార్టులో వాళ్ళు లేనట్టే.

పోస్టులు తీసెయ్యడం గురించి ఇంకో మాట. పైపు సైజు మార్చాలంటే ఇంజనీరింగ్ వాళ్ళు మేనేజ్‌మెంట్ ఆఫ్ చేంజ్ ఫారం నింపుతారు, రిస్క్ చూస్తారు, నాలుగు సంతకాలు పెడతారు. షిఫ్టులో ఒక మనిషిని తగ్గించాలంటే? హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తుంది, అంతే. భోపాల్‌లో 1984 డిసెంబర్ 2 రాత్రికి ముందు ఎంఐసీ (మిథైల్ ఐసోసయనేట్ అనే విష రసాయనం) యూనిట్లో ఆపరేటర్ల సంఖ్య 12 నుంచి 6కి తగ్గిపోయి ఉంది, మెయింటెనెన్స్ వాళ్ళని కూడా కుదించేశారు, ఎంఐసీ ట్యాంకుల్ని చల్లగా ఉంచే రిఫ్రిజరేషన్ ఆపేసి ఉంది. మెషీన్ ఆపడం ఒక నిర్ణయం, మనిషిని తీసేయడం ఇంకో నిర్ణయం, రెండూ కలిస్తే ఏమవుతుందో కూర్చుని లెక్కేసే కుర్చీ లేదు. మనుషుల మార్పుకి కూడా అదే ఫారం ఉండాలి అన్నది ఇప్పుడు మంచి కంపెనీల్లో పద్ధతి, మిగతాచోట్ల ఇంకా మెయిలే.

సేఫ్టీ కమిటీల గురించి ఎక్కువ చెప్పను. వర్కర్లు ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి, మేనేజ్‌మెంట్ తరఫున డబ్బు మంజూరు చెయ్యగలిగినవాడు కూర్చోవాలి, లేకపోతే పోయిన మీటింగు మినిట్సే ఈ మీటింగులో మళ్ళీ చదువుతారు.

ఆరోగ్యం మాత్రం ఎప్పుడూ వెనక సీటే. చెయ్యి తెగితే ఆ రోజే తెలుస్తుంది, సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేసే పని బయటపడేసరికి చాలాసార్లు 10, 20 ఏళ్ళు పడుతుంది, అప్పటికి ఆ మేనేజర్ ప్రమోషన్ మీద ఎక్కడికో వెళ్ళి ఉంటాడు. స్ట్రక్చర్‌లో కూడా కంపెనీ డాక్టర్ హెచ్ఆర్ కింద, దుమ్ము కొలిచేవాడు సేఫ్టీ కింద, వెంటిలేషన్ మెయింటెనెన్స్ కింద ఉంటారు. డాక్టర్ దగ్గర ఆరుగురికి వినికిడి తగ్గిందని రిపోర్టులుంటాయి, సేఫ్టీ దగ్గర ఏ షెడ్డులో శబ్దం ఎంతో లెక్కలుంటాయి, ఆ ఆరుగురూ ఒకే షెడ్డు వాళ్ళని ఎవరికీ తెలియదు. పేర్లు బయటపెట్టక్కర్లేదు, ఏ షెడ్డులో ఎంతమందికి తేడా వచ్చిందో మూడు నెలలకోసారి ఈ ముగ్గురూ ఒక టేబుల్ దగ్గర చూసుకుంటే చాలు, దానికి కొత్త డిపార్ట్‌మెంట్ అక్కర్లేదు, ఆ మీటింగు పెట్టాల్సింది ఎవరో పేరు రాసి ఉండాలి.

పదిమంది పనిచేసే చిన్న వర్క్‌షాపుకి ఈ చార్టులన్నీ ఎందుకు అంటారా, నిజమే, అక్కడ ఓనరే సీఈఓ, ఓనరే పర్చేజ్, ఓనరే ప్రొడక్షన్. ఒక రకంగా అది లాభం, వర్కర్‌కీ చెక్కు మీద సంతకం పెట్టేవాడికీ మధ్య ఒక్క మెట్టు కూడా లేదు, గార్డు విరిగిందని పొద్దున్న చెప్తే మధ్యాహ్నానికి వేయించొచ్చు. నష్టం ఏంటంటే ఓనర్‌కి ఎదురు చెప్పేవాడు ఎవడూ ఉండడు. అలాంటి చోట రెండు విషయాలు కాగితం మీద పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది, ఓనర్ లేనప్పుడు మెషీన్ ఆపే మాట ఎవరిది, కరెంటు తీసి తాళం వెయ్యకుండా రిపేర్‌కి చెయ్యి పెట్టకూడదన్న రూలు ఓనర్‌కి కూడా వర్తిస్తుందా లేదా. రెండోదానికి అవును అని రాసి గోడకి అంటించిన ఓనర్లని నేను తక్కువగానే చూశాను.